టాలన్‌ను రెండు వారాలకే పక్కన పెట్టేశాను, తప్పు నాదేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. రెండు మణికట్లూ దెబ్బతిన్నాయి, కొన్ని నెలలు కీబోర్డు, మౌసు ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పారు. పైథాన్‌లో కోడు రాయడం మీ ఉద్యోగం. ఎవరో చెబితే, నోటి మాటతో కంప్యూటరును నడిపే టాలన్ అనే ప్రోగ్రాం పెట్టుకున్నారు. మాన్యువల్ చదివినా తలకెక్కలేదు. మీరు అన్న మాట ఒకటి, తెర మీద జరిగింది ఇంకొకటి. పదిహేను రోజులకు విసుగొచ్చి వదిలేశారు. "నా తెలుగు ఉచ్చారణే అడ్డమా, నాకు ఓపిక తక్కువా, లేక ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఇంతేనా?" అని అడిగారు.

ఓపిక మాట పక్కన పెట్టండి. నొప్పి చేతులతో పదిహేను రోజులు ప్రయత్నించిన మనిషిని ఓపిక లేదని ఎవరూ అనలేరు. ఉచ్చారణ వాటా కొంత ఉంది, కానీ మీరు అనుకుంటున్నంత లేదు. పెద్ద వాటా మాన్యువల్‌ది. ఈ మాట అనడానికి నాకు రెండు వైపుల నుంచీ హక్కుంది. పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాయడమే నా బతుకుతెరువు. 2019 చివర్లో నా కుడిచేయి మొండికేసింది, అప్పటి నుంచి నా పనిలో ఎక్కువ భాగం నోటితోనే నడుస్తోంది. పరాయి మాన్యువల్‌ను తిట్టుకుంటూ, ఇన్నాళ్లూ నేను రాసినవీ ఇలాగే ఏడ్చాయి కదా అని సిగ్గుపడుతూ నేర్చుకున్నాను.

మౌసుతో నడిచే ప్రోగ్రాంలో ఏమేం చేయవచ్చో తెర మీదే కనబడుతుంది. మెనూ తెరిస్తే పేర్లుంటాయి. ఏదైనా పేరు మసకగా ఉంటే అది ఇప్పుడు పనిచేయదని తెలిసిపోతుంది. మాన్యువల్ లేకపోయినా తడుముకుంటూ పోవచ్చు. నోటితో నడిచే ప్రోగ్రాంలో ఆ సౌకర్యం లేదు. ఒక టిఫిన్ హోటల్‌కు వెళ్లారనుకోండి. గోడ మీద బోర్డు లేదు, బల్ల మీద కార్డు లేదు. సర్వరు వచ్చి నిలబడ్డాడు. మామూలుగా అయితే "ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా" అని ఏకబిగిన చదివేస్తాడు. ఇతను చదవడు. మీరే "పెసరట్టు" అన్నారు. మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఇక కూర్చుని ఆలోచించండి: అసలు వినలేదా? విని ఊతప్పం అనుకున్నాడా? సరిగ్గానే విన్నాడు గానీ ఇక్కడ పెసరట్టు పొద్దున పది దాకానే దొరుకుతుందా?

వాయిస్ కంట్రోల్‌లో ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం ఈ మూడింటి కిందికే వస్తాయి. మూడింటికీ మందు వేరు. మొదటిదానికి మైకు చూసుకోవాలి, రెండోదానికి మాట మార్చుకోవాలి, మూడోదానికి ఏ విండోలో, ఏ మోడ్‌లో ఉన్నామో చూసుకోవాలి. మాన్యువల్స్ మాత్రం "ఈ మాట అంటే ఈ పని జరుగుతుంది" అని పట్టిక ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. జరగకపోతే ఏమిటన్న ఊసు ఉండదు. కొత్తవాడికి పది మాటల్లో ఆరు జరగవు. అతనికి కావలసింది ఆ ఆరింటి గురించే.

టాలన్‌లో దీనికి ఒక కిటికీ ఉంది: "కమాండ్ హిస్టరీ" అని అనండి. మీరు అన్న ప్రతి మాటనూ తాను ఏమని విన్నదో అది వరుసగా చూపిస్తుంది. మొదటి నెల దాన్ని తెర మీద ఒక మూల నుంచి తీయకండి. మాట అన్నా ఆ జాబితాలో కొత్త వరుస పడలేదంటే మైకు తప్పు, లేదా టాలన్ నిద్రలో ఉంది, లేదా మీరు అన్నది దేనితోనూ కలవలేదు. వేరే మాట పడితే తప్పుగా విన్నది. ఇంత ముఖ్యమైన కిటికీ గురించి నాకు మూడో వారం దాకా తెలియలేదు. ఎక్కడో పట్టిక మధ్యలో, మిగతా కమాండ్లతో సమానంగా ఒక వరుసలో ఉంది. నేను రాసే మనిషినైతే దాన్ని మొదటి పేజీలో మొదటి వాక్యంగా పెట్టేవాణ్ణి.

మూడో రకం చిక్కు మాత్రం మాయదారిది. అది రెండోదాని వేషం వేసుకుని వస్తుంది. టాలన్‌లో కమాండ్లన్నీ ఎప్పుడూ పనిచేయవు. కొన్ని బ్రౌజరు ముందున్నప్పుడే, కొన్ని టెర్మినల్ ముందున్నప్పుడే, కొన్ని పైథాన్ ఫైలు తెరిచి ఉన్నప్పుడే. ఇప్పుడు చెల్లే కమాండ్లలోంచే అది మీ మాటకు దగ్గరిదాన్ని వెతుకుతుంది. చెల్లని కమాండ్ అంటే ఒక్కోసారి మౌనంగా ఉంటుంది, ఒక్కోసారి చెల్లేవాటిలో దగ్గరగా వినిపించిన ఇంకోదాన్ని పట్టుకుని అమలు చేసేస్తుంది. మీరు హిస్టరీలో ఆ వేరే మాటను చూసి "నా నోరు తిరగడం లేదు" అనుకుంటారు. నోరు బాగానే తిరిగింది, విండో వేరు. మీరు ఉచ్చారణను తిట్టుకున్న సందర్భాల్లో ఇవి ఎన్ని ఉన్నాయో చూసుకోండి. అలాంటప్పుడు "హెల్ప్ యాక్టివ్" అంటే ఆ క్షణంలో, ఆ విండోలో చెల్లే కమాండ్ల జాబితా వస్తుంది. సర్వరు చదవడం మొదలుపెట్టాడన్నమాట. ఒక కమాండ్ పేరులో ముక్క గుర్తుంటే "హెల్ప్ సెర్చ్" అని ఆ ముక్క చెప్పినా వెతికిపెడుతుంది.

మోడ్ కూడా ఇలాంటిదే. కమాండ్ మోడ్, డిక్టేషన్ మోడ్ అని రెండున్నాయి. రెండోదాంట్లో మీరు ఏమన్నా వాక్యంగా పడిపోతుంది. ఈ గందరగోళం ఎంత పాతదంటే, 2006లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ విస్టాలోని వాక్ గుర్తింపును అందరి ముందు ప్రదర్శించినప్పుడు అమ్మకు రాస్తున్న ఉత్తరం "డియర్ ఆంట్" అని మొదలైంది. దాన్ని దిద్దబోతే "డిలీట్", "సెలెక్ట్ ఆల్" అనే ఆజ్ఞలు కూడా ఉత్తరంలో మాటలై కూర్చున్నాయి. జనం నవ్వారు. ఆ పూట వేదిక మీద ఉన్న మనిషి పరిస్థితి మనలాంటివాళ్లకు వారానికోసారి ఇంట్లోనే వస్తుంది, చూసేవాళ్లుండరు అంతే.

ఇక ఉచ్చారణ. మన భాష మాటను అచ్చుతో ముగించడానికి అలవాటు పడింది. బస్ బస్సయింది, కార్ కారయింది. టాలన్‌లో అక్షరాలను ఒక్కో చిన్న మాటతో చెప్పాలి: ఎ అంటే ఎయిర్, బి అంటే బ్యాట్, సి అంటే క్యాప్, డి అంటే డ్రమ్, ఇలా జడ్‌కు జిప్ దాకా. సైనికులు, విమానాలవాళ్లు వాడే ఆల్ఫా, బ్రావో మాటల కంటే ఇవి పొట్టివి. గంటకు కొన్ని వందల అక్షరాలు చెప్పాల్సినవాడికి ఆ తేడా గొంతులో తెలుస్తుంది. నేను తొలివారం నా మాటల రికార్డింగులు దాచుకుని విన్నాను, టాలన్ మెనూలోనే ఆ ఏర్పాటుంది. విని తల పట్టుకున్నాను. బ్యాటు, క్యాపు, డ్రమ్ము. ప్రతిదానికీ చివర ఒక ఉకారం తోక. ఎయిర్ అనబోయి యెయిర్, ఈచ్ అనబోయి యీచ్. వెస్ట్‌కూ వేల్‌కూ ఒకటే వకారం. ఇంగ్లీషులో బాగానే మాట్లాడతానని నా నమ్మకం, వాక్యాల్లో అవి కనబడవు కూడా. ఒంటి మాటగా పలికినప్పుడు బయటపడతాయి.

తోకను కత్తిరించడం వారంలో అలవాటవుతుంది. నాలుకను మార్చడం అవ్వదు, అక్కర్లేదు కూడా. ఆ అక్షరాల మాటలు ఒక ఫైలులో వరుసగా ఉంటాయి, నచ్చని మాట తీసి వేరే మాట పెట్టుకోవచ్చు. ఈ ఒక్క సంగతి మాన్యువల్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఉంటే మన దేశంలో ఎంతమంది నిలబడేవారో! నాకు పి అక్షరానికి ఇచ్చిన "పిట్" ఎప్పుడూ "సిట్" అయ్యేది, సిట్ అంటే ఐ. ఒక రోజు విసుగొచ్చి పులి అని పెట్టుకుందామనుకున్నాను. దానికి తెలిసింది ఇంగ్లీషు ఒక్కటే కదా, పులి ఎక్కడ తెలుస్తుంది? కప్పీకి ఇంగ్లీషులో ఉన్న మాట, పుల్లీ, దాదాపు అలాగే పలుకుతుంది. దాని స్పెల్లింగు ఫైలులో రాసి, హాయిగా పులి అంటున్నాను. కంప్యూటరు కప్పీ అనుకుంటుంది, నేను పులి అనుకుంటాను, ఇద్దరికీ గొడవ లేదు.

మాన్యువల్స్‌లో అచ్చువేయడానికి వీల్లేని విషయం ఒకటుంది, అసలు కష్టం అక్కడే. మౌనం. మీరు కోడు రాస్తారు కాబట్టి ఆ ఉదాహరణే చెబుతాను. టోటల్, మార్క్స్ అనే రెండు మాటలను కింద గీతతో కలిపి పేరుగా రాయాలంటే "స్నేక్ టోటల్ మార్క్స్" అంటే చాలు. దాని వెనక కోలన్ కావాలి. మాన్యువల్‌లో కోలన్ అనే కమాండ్ కూడా ఉంది. రెండూ చదివారు, ఒకే ఊపిరిలో "స్నేక్ టోటల్ మార్క్స్ కోలన్" అన్నారు. తెర మీద ఏం పడుతుంది? టోటల్, మార్క్స్, కోలన్ మూడూ కింద గీతలతో కలిసి ఒకే పేరైపోతాయి. స్నేక్ అన్నాక వచ్చే మాటలన్నిటినీ అది తన పొట్టలో వేసుకుంటుంది. మార్క్స్ దగ్గర అర క్షణం ఆగి, తర్వాత కోలన్ అనాలి. ఆగడం ఇష్టం లేకపోతే మధ్యలో "ఓవర్" అనే మాట ఉంది, అది పేరు అక్కడితో అయిపోయిందని చెబుతుంది. అదే పేరుకు ముందు "డ్రమ్ ఈచ్ ఫైన్ స్పేస్" అంటే డెఫ్ అనే మూడక్షరాలూ, వాటి వెనక ఒక ఖాళీ స్థలమూ పడతాయి. అక్కడ ఆగనవసరం లేదు, అక్షరాలు ఏవీ మింగవు కాబట్టి. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అన్నది కమాండ్‌ను బట్టి మారుతుంది. అచ్చు పట్టికలో రెండు కమాండ్ల మధ్య ఉన్నది తెల్లకాగితం, దాన్ని చూసి ఎవరు ఆగుతారు? సంగీతం నేర్పేవాళ్లకు ఈ బాధ తెలుసు, అందుకే తాళం చేత్తో వేసి చూపిస్తారు. నేను మా జట్టుకు రాసిన కాగితంలో ఆగాల్సిన చోట నిలువుగీత పెట్టాను. అంత చిన్న గుర్తుతో కొత్తవాళ్ల ప్రశ్నలు సగానికి పైగా తగ్గిపోయాయి.

మీరు ఇంకా ముందే, పెట్టుకునే దశలోనే చాలా అలిసిపోయి ఉంటారని నా అనుమానం. టాలన్ అంటే ఒకటి కాదు, మూడు. ప్రోగ్రాం ఒకటి. మాటలు గుర్తుపట్టే ఇంజను వేరే, దాన్ని మెనూలోంచి దించుకోవాలి. కమాండ్ల కట్ట మూడోది. స్వచ్ఛందంగా కొందరు కలిసి రాస్తున్న ఆ కట్టను గిట్ అనే సాధనంతో తెచ్చి టాలన్ ఫోల్డరులోని యూజర్ అనే ఫోల్డరులో పెట్టాలి. మూడోది పెట్టకపోతే టాలన్ వింటూ కూర్చుంటుంది, ఏమీ చేయదు. "పాడైపోయింది" అని అక్కడే మానేసినవాళ్లు నాకు తెలుసు. లైనక్స్ వాడుతున్నారేమో కూడా చూసుకోండి. అక్కడ తెరను నడిపే పద్ధతులు రెండున్నాయి, టాలన్ ఎక్స్11 అనేదాని మీద నడుస్తుంది, వేలాండ్ మీద కాదు.

ఇంతకీ మాన్యువల్‌లో ఈ మొదటి పేజీలన్నీ ఎవరి కోసం రాశారో గమనించారా? "ట్రేలో ఉన్న బొమ్మ మీద కుడి క్లిక్ చేయండి", "టెర్మినల్ తెరిచి ఈ వరుస టైపు చేయండి". చేతులు పనిచేయని మనిషి కోసం చేసిన సాఫ్ట్‌వేరుకు చేతులతో తెరుచుకునే తలుపు! రాసినవాళ్లది దుర్మార్గం కాదు. వాళ్లకు అప్పటికే గొంతుతో పని జరిగిపోతోంది, మొదటి రోజు ఎలా ఉంటుందో మరిచిపోయారు. నా సలహా సూటిగా చెబుతాను: మొహమాటపడకుండా తమ్ముణ్ణో, పక్క సీటు సహోద్యోగినో ఒక పూట కూర్చోబెట్టుకుని ఈ మూడూ వాళ్ల చేత్తో పెట్టించుకోండి. ఆ పూట చేతులకు పనిచెప్పి వారం నొప్పితో పడుకోవడంలో ఘనత లేదు.

పాత సలహాలతో జాగ్రత్త. ఆ కమాండ్ల కట్ట ఒకప్పుడు ఒక వ్యక్తి ఖాతా పేరుతో ఉండేది, ఇప్పుడు దాని పేరు కమ్యూనిటీ. సొంత మాటలు చేర్చుకోవడానికి ఒకప్పుడు సీఎస్‌వీ ఫైలు, ఇప్పుడు టాలన్ లిస్ట్ అనే వేరే రకం ఫైలు. పాత వీడియో చూసి లేని ఫైలు కోసం వెతికితే మీ తప్పేమీ లేదు. ఈ మార్పుల గురించిన మాట చాట్ గదుల్లో ఎవరో ఎవరికో చెప్పిన జవాబుల్లో ఉంటుంది. అడిగితే ఎంతో ఓపికగా చెబుతారు, అది నిజం. కానీ చాట్‌లో చెప్పిన జవాబు మర్నాటికి వరదలో కొట్టుకుపోతుంది, అదే ప్రశ్న మళ్లీ ఇంకొకరు అడుగుతారు. నేను ఒకటికి నాలుగుసార్లు అడిగి తెలుసుకున్నవి, వాడేవాళ్లంతా కలిసి రాసుకునే టాలన్ వికీలో రాయడం మొదలుపెట్టాను. మీరూ మూడో నెలలో ఆ పని చేయండి. ఆర్నెల్లు దాటితే మీకూ మొదటి రోజు గుర్తుండదు.

వీడియోల గురించి ఒక మాట. పాఠం చెప్పే ఆయన వీడియోలో కమాండ్ అంటాడు. మీ స్పీకర్లలోంచి అది మీ మైకులోకి వెళుతుంది. మీ కంప్యూటరు బుద్ధిగా దాన్ని పాటిస్తుంది. నేను మొదటిసారి చూసిన వీడియో పాఠం మధ్యలో తనను తానే మూసేసుకుంది. చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోన్లు లేకుండా వీడియోలు చూడకండి, లేదా ముందు "గో టు స్లీప్" అనండి, అయ్యాక "టాలన్ వేక్" అనండి.

వెబ్‌సైట్లలో తప్పు టాలన్‌ది కాదు, వాటిని కట్టినవాళ్లది. మ్యాక్‌లో 2019 నుంచి వస్తున్న, వాయిస్ కంట్రోల్ అనే దాని సొంత ఏర్పాటుతో బటన్ మీద ఏ పేరుంటే ఆ పేరు చెప్పి నొక్కవచ్చు. చెల్లింపులు తీసుకునే ఒక సైటులో బటన్ మీద "పే నౌ" అని పెద్దగా రాసి ఉంది. నేను "క్లిక్ పే నౌ" అని నాలుగుసార్లు అన్నాను, గొంతు పెంచి కూడా అన్నాను. ఉలకలేదు. తర్వాత "షో నేమ్స్" అంటే తెర మీద ప్రతి బటన్ పక్కన దాని లోపలి పేరు బయటపడింది. ఆ బటన్ లోపలి పేరు సబ్మిట్. పైన ఒక పేరు, లోపల ఒక పేరు. కంటికి కనబడే పేరు లోపలి పేరులో ఉండి తీరాలని వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకోగలిగేలా వెబ్‌సైట్లకు పెట్టిన సౌలభ్య నియమాల్లో 2018 నుంచి ఉంది, 2.5.3 నంబరుతో, అదీ కనీస స్థాయిలోనే. దాని పక్కనే 2.1.4 ఉంది: ఒంటి అక్షరంతో పనిచేసే షార్ట్‌కట్లను ఆపుకునే, మార్చుకునే వీలుండాలని. ఆ నియమం ఎందుకో నాకు ఒక మెయిల్ సర్వీసు నేర్పింది. ఉత్తరం రాసే పెట్టెలో ఉన్నాననుకుని ఒక వాక్యం చెప్పాను. నిజానికి ఉత్తరాల జాబితాలో ఉన్నాను. ఆ వాక్యంలోని ప్రతి అక్షరం ఒక్కో షార్ట్‌కట్ అయి, ఏ ఉత్తరం ఎక్కడికి పోయిందో వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది. మీ మెయిల్ సెట్టింగ్స్‌లో అలాంటి షార్ట్‌కట్లు ఉంటే ఈ రోజే ఆపేయండి. అన్నట్టు, మాన్యువల్ రాసేవాళ్లందరికీ ఒక విన్నపం: పేజీలో పది చోట్ల "ఇక్కడ" అని లింకు పెట్టకండి. మేము "క్లిక్ ఇక్కడ" అంటే కంప్యూటరు పది నంబర్లు చూపించి ఏ ఇక్కడో చెప్పమంటుంది.

టాలన్ తప్ప దారి లేదా అంటే, ఉంది. మీ పని ఉత్తరాలు, నివేదికలు మాత్రమే అయితే విండోస్ 11లోని వాయిస్ యాక్సెస్ చాలు, అదనంగా ఏదీ కొననక్కర్లేదు. దానిలో "షో నంబర్స్" అంటే నొక్కగలిగిన ప్రతిదాని మీదా అంకె వస్తుంది, "వాట్ కెన్ ఐ సే" అంటే జాబితా వస్తుంది. ఆండ్రాయిడ్‌లోనూ అదే పేరుతో గూగుల్‌ది ఒకటుంది. నేర్చుకోవడం తేలిక, ఎందుకంటే అందులో అంకెలు కంటికి కనబడతాయి. వేగం మాత్రం తక్కువ. కోడు రాసేవాడికి ఆ వేగం సరిపోదు. మాటలను గుర్తుపట్టే పాత సాఫ్ట్‌వేరు డ్రాగన్ సంగతి అడుగుతారేమో. 1997లో నాచురల్లీ స్పీకింగ్ వచ్చినప్పటి నుంచి చాలా ఏళ్లు ఈ రంగంలో అదే పెద్దన్న. కోడు రాసేవాళ్లు దాని మీద నాట్‌లింక్, వొకోలా, డ్రాగన్‌ఫ్లై లాంటివి సొంతంగా కట్టుకున్నారు. 2018లో మ్యాక్ వెర్షన్‌ను ఆపేశారు, ఏళ్ల తరబడి దానికి అలవాటు పడినవాళ్లు నడివీధిలో నిలబడ్డారు. నా కమాండ్లు నా దగ్గర మామూలు ఫైళ్లుగా ఉండాలన్న పట్టుదల నాకు అందువల్లే వచ్చింది. టాలన్‌లో అవి అలాగే ఉంటాయి, చదివితే అర్థమవుతాయి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పట్టిక మొత్తం నేర్చుకోవాలని చూడకండి. మొదటి వారం లేపడం, నిద్రపుచ్చడం, ఇరవై ఆరు అక్షరాలు, బాణం కీలు, "స్క్రాచ్ దట్", "కమాండ్ హిస్టరీ". అంతే. స్క్రాచ్ దట్ అంటే ఇప్పుడే పడిన ముక్క చెరిగిపోతుంది, అది వస్తే తప్పు చేయడానికి భయం పోతుంది. మాన్యువల్స్ దీన్ని ఎక్కడో చివర పెడతాయి, ఈత నేర్పేవాడు ఒడ్డు ఎటుందో చివర్న చెప్పినట్టు. అక్షరాలు పెద్దగా అచ్చు తీసి మానిటర్ పక్కన గోడకు అంటించండి. "హెల్ప్ ఆల్ఫాబెట్" అంటే తెర మీదే వస్తుంది కానీ, సగం తెర అది మింగేస్తే మీరు పని ఎక్కడ చేస్తారు? రెండో వారం స్నేక్ లాంటివి, "ఫోకస్" అని ప్రోగ్రాం పేరు చెప్పి విండో మార్చడం, "టచ్" అంటే క్లిక్, "డ్యూక్" అంటే రెండు క్లిక్కులు. ఎందుకు డ్యూక్ అని అడగకండి, నేనూ అడగడం మానేశాను. పొట్టి మాట, వేరే మాటతో కలవదు, అంతవరకు అది గొప్ప పేరే. పైథాన్‌లో నిలదొక్కుకున్నాక, వీఎస్ కోడ్ అనే కోడు ఎడిటరుకు కర్సర్‌లెస్ అనే అదనపు హంగు ఉంది. అది తెర మీది ప్రతి మాటలో ఒక అక్షరం నెత్తిన చిన్న రంగు టోపీ పెడుతుంది. ఆ అక్షరం పేరు చెబితే ఆ మాట దగ్గరికే వెళ్లి పనిచేస్తుంది. "చక్ ఎయిర్" అంటే ఎ మీద టోపీ ఉన్న మాట ఎగిరిపోతుంది. ఏం అనాలో తెర మీదే కనబడేలా చేసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే. కానీ దాన్ని మొదటి నెలలో ముట్టుకోకండి.

గొంతును కూడా చూసుకోవాలి. చేతులు పోగొట్టుకున్న తొందరలో గొంతును పోగొట్టుకున్నవాళ్లున్నారు. తప్పుగా వింటే మనకు తెలియకుండానే అరుస్తాం, అరిస్తే ఇంకా తప్పుగా వింటుంది. పక్కనున్న మనిషికి వినిపించేంత గొంతు చాలు. ల్యాప్‌టాప్ మైకు వద్దు, నోటి దగ్గర ఉండే హెడ్‌సెట్ మైకు కొనండి. మన ఇళ్లలో నిశ్శబ్దం దొరకదు. టాలన్‌కు మాటలే కాక రెండు చప్పుళ్లు కూడా తెలుసు: పెదవులతో చేసే పాప్, బుస్సుమనే చప్పుడు. నేను పాప్‌ను క్లిక్‌కూ, బుస్సును పేజీ కిందికి జరగడానికీ పెట్టుకున్నాను. ఒక రోజు చదువుతున్న పేజీ దానంతట అదే జరజరా అడుక్కు వెళ్లిపోయింది. మైకు చూశాను, సెట్టింగ్స్ చూశాను, ఏ లోపమూ లేదు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ. వంటింట్లో కుక్కర్ మూడో విజిల్‌కు గానీ నాకు అర్థం కాలేదు. ఇప్పుడు పప్పు ఉడికేంతసేపు బుస్సును ఆపేస్తాను.

ఇక తెలుగులోనే చెప్పి పని చేయించుకోవచ్చా అన్నది. ఫోను కీబోర్డులో గూగుల్ తెలుగు డిక్టేషన్ 2017 నుంచి ఉంది, ఉత్తరాలకు బాగానే పనికొస్తుంది, ఈ సమాధానంలో చాలా భాగం అలాగే చెప్పాను. కానీ చెప్పినది రాయడం వేరు, చెప్పిన పని చేయడం వేరు. కమాండ్లు మాత్రం నేను ఇంగ్లీషులోనే ఇస్తున్నాను. మన ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రోజూ వాడేవి ఉంటే వాటిని సొంత మాటల ఫైలులో చేర్చుకోండి, పలికే తీరుకు దగ్గరగా ఒకటి, రాయాల్సిన స్పెల్లింగు ఒకటి. అనకాపల్లి నాకు అలాగే దారికొచ్చింది.

రేపు ఒక గంట కూర్చుని, కమాండ్ హిస్టరీ తెరిచి పెట్టుకుని, మీకు పనిచేయని మాటలు ఒక పది ప్రయత్నించండి. మీరు అన్నది, అది విన్నది, అప్పుడు ముందున్న విండో పేరు, ఈ మూడూ వరుసకొకటిగా ఇక్కడ పెట్టండి. ఎవరి చేతనైనా టైపు చేయించండి, మీరు చేయకండి. ఏది మైకుదో, ఏది మాటదో, ఏది విండోదో చూసి చెబుతాను.